ఫ్యూయల్ సెల్ తంటా అంతా నీళ్లతోనే

హైడ్రోజన్ కారు గురించి ఎవరు చెప్పినా, పొగ గొట్టంలోంచి నీళ్లే వస్తాయని మురిపెంగా చెప్తారు. నిజమే, కిలో హైడ్రోజన్‌కి 9 కిలోల నీళ్లు. ఆ నీళ్లను లోపల్నుంచి బయటికి పంపడానికి ఇంజనీర్లు పడే పాట్లు మాత్రం ఎవరూ చెప్పరు. నన్నడిగితే, ఆ కారుకు హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్ డిజైన్‌లో సగం నీటి పారుదల శాఖ పనే.

ఒక పక్క హైడ్రోజన్, ఇంకో పక్క గాలి, మధ్యలో పల్చటి పొర. పొర మీద పూసిన ప్లాటినం తగలగానే హైడ్రోజన్ కాస్తా ప్రోటాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోతుంది. పొర ప్రోటాన్లకి దారిస్తుంది, ఎలక్ట్రాన్లకి ఇవ్వదు. అవి పాపం తీగ పట్టుకుని మోటారు మీదుగా చుట్టూ తిరిగి రావాల్సిందే, మనకు దక్కే కరెంటు ఆ చుట్టు తిరుగుడే. అవతల అందరూ ఆక్సిజన్‌తో కలిసి నీళ్లవుతారు. మంట లేదు, పిస్టన్ లేదు. వేల్స్ శాస్త్రవేత్త విలియం గ్రోవ్ ఈ సంగతి 1839లోనే కనిపెట్టాడు.

ఆ పొర పేరు నాఫియాన్. మన నాన్‌స్టిక్ పెనం మీది టెఫ్లాన్‌కి చుట్టం, కాకపోతే దీనికి ఆమ్లపు కొసలు వేలాడుతుంటాయి. పొడిగా ఉంటే ఉత్త ప్లాస్టిక్. తడిస్తేనే లోపల కంటికి కనిపించని నీటి దారులు ఏర్పడి ప్రోటాన్లు నడుస్తాయి. చిక్కేమిటంటే, నడిచే ప్రోటాన్లు ఊరికే పోకుండా నీళ్లను కూడా వెంట లాక్కుపోతాయి. దాంతో హైడ్రోజన్ వైపు ఎండిపోతుంది, గాలి వైపు అసలే నీళ్లు పుడుతున్న చోట ఇవీ చేరి ప్లాటినం రేణువులను ముంచేస్తాయి, ఇక ఆక్సిజన్ అక్కడికి చేరలేదు. ఒకే చేలో ఈ గట్టున బీటలు, ఆ గట్టున మునక అన్నమాట.

అందుకే పొరకు రెండు వైపులా కార్బన్ పేపర్ పెడతారు. చూడ్డానికి నల్లటి అట్టముక్కలా ఉంటుంది, గట్టిగా వంచితే పుటుక్కున విరుగుతుంది. దానికీ టెఫ్లాన్ పూస్తారు కాబట్టి నీటిబొట్టు తామరాకు మీదలా ఇంకకుండా నిలబడుతుంది, గ్యాస్ మాత్రం రంధ్రాల్లోంచి హాయిగా పోతుంది.

దాని వెనక గ్రాఫైట్ పలకో, లోహపు పలకో, మీద మిల్లీమీటరు వెడల్పున చెక్కిన కాలువలు. నాకు బాగా నచ్చే భాగం ఇదే. కాలువలన్నీ పొలంలో బోదెల్లా పక్కపక్కన తిన్నగా చెక్కారనుకోండి, ఒకదాంట్లో నీటిబొట్టు అడ్డం పడితే గ్యాస్ తెలివిగా మిగతా బోదెల్లోంచి వెళ్లిపోతుంది, బొట్టు అక్కడే తిష్ట వేస్తుంది. అదే ఒకే కాలువను పాములా మెలికలు తిప్పితే గ్యాస్‌కి వేరే దారి లేదు, బొట్టును తోసుకుని పోవాల్సిందే. అయితే అంత పొడుగు కాలువలో గాలిని నెట్టాలంటే కంప్రెసర్ గట్టిగా పనిచేయాలి, అది తినేదీ మన కరెంటే!

ఒక్కో సెల్ నుంచి పని మీద ఉన్నప్పుడు వచ్చేది 0.6, 0.7 వోల్టులే. అందుకే వందల సెల్స్ పేరుస్తారు, టొయోటా మిరాయ్ రెండో తరం కారులో 330. అన్నీ ఒకే వరసలో కలిపినవి కాబట్టి ఒకటి మునిగినా అందరికీ టెన్షనే. ఆ కారులో నీళ్లు బయటికి వదలడానికి విడిగా ఒక బటన్ కూడా ఉంది.

అంతరిక్షంలో ఇంకో తిరకాసు, అక్కడ బొట్టు కిందకి జారదు. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ58 రాకెట్ చివరి దశలో ఇస్రో ఇలాంటి సెల్‌నే పరీక్షించింది, 180 వాట్లు వచ్చాయి. అపోలో వ్యోమగాములైతే తమ ఫ్యూయల్ సెల్స్‌లో పుట్టిన నీళ్లనే తాగేవాళ్లు. 1970లో అపోలో 13లో ఆక్సిజన్ ట్యాంకు పేలి సెల్స్ ఆగిపోయినప్పుడు కరెంటుతో పాటు ఆ నీళ్లూ ఆగిపోయాయి, ముగ్గురూ గుక్కలు లెక్కపెట్టుకుంటూ భూమికి తిరిగొచ్చారు.