ఈ రోజు రాలిన జుట్టు, మూడు నెలల కిందటి దెబ్బ

చంటిబిడ్డ తల్లి ముఖం గుర్తుపట్టి నవ్వడం మొదలుపెడితే తల్లి జుట్టు ఊడుతుందని పెద్దవాళ్లు అంటుంటారు. బిడ్డ నవ్వుకూ తల్లి కుదుళ్లకూ సంబంధం ఏమీ లేదు. కానీ ఆ మాట వెనకున్న గమనింపు మాత్రం గట్టిది. బిడ్డ మనిషిని చూసి నవ్వేది రెండో నెలలో, కిలకిలా నవ్వేది మూడు, నాలుగు నెలలకు. కాన్పయ్యాక తల్లి జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలడం మొదలయ్యేదీ ఆ రోజుల్లోనే. ఈ మూడు నెలల లెక్క తెలిస్తే ఆడవాళ్ల జుట్టు గురించిన భయం సగం పోతుంది. నూనెలకూ షాంపూలకూ పోసే డబ్బూ చాలావరకు మిగులుతుంది.

తల మీద సుమారు 1,00,000 వెంట్రుకలుంటాయి. ఒక్కో కుదురు 2 నుంచి 6 ఏళ్లు వెంట్రుకను పెంచుతుంది, నెలకు దాదాపు ఒక సెంటీమీటరు. తర్వాత రెండు మూడు వారాల్లో ముడుచుకుని, ఆపైన 3 నెలలు విశ్రాంతి తీసుకుంటుంది. విశ్రాంతిలోకి పోయిన వెంట్రుక వెంటనే రాలదు. అడుగున తెల్లటి చిన్న బొడిపె కట్టుకుని అక్కడే నిలబడి ఉంటుంది, గడువు తీరాక ఊడుతుంది. మామూలుగా నూటికి 10 విశ్రాంతిలో ఉన్నాయనుకుంటే 10,000. వాటిని 100 రోజులకు పంచితే రోజుకు 100. దువ్వెనలో రోజూ 50 నుంచి 100 కనబడితే జబ్బు కాదని చెప్పేది ఇందుకే. పెద్ద జ్వరమో, ఆపరేషనో, కాన్పో అయినప్పుడు పెరుగుతున్న కుదుళ్లు బోలెడు ఒకేసారి విశ్రాంతికి పోతాయి. నూటికి 10 కాస్తా 30 అయితే రోజుకు 300. కాకపోతే ఆ 300 జ్వరం వచ్చిన వారంలో రాలవు.

అనంతపురం, కదిరి వైపు చెనక్కాయ పండించేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. విత్తిన నెలన్నర ప్రాంతంలో, ఊడలు దిగే సమయానికి, ఇరవై రోజులు వాన ఎగ్గొట్టిందనుకోండి. ఆ తర్వాత వాన పడితే చెట్టు మళ్లీ పచ్చబడుతుంది, గట్టు మీద నుంచి చూస్తే చేను బాగానే ఉంటుంది. నష్టం బయటపడేది చెట్టు పీకిన రోజు. కాయలు తక్కువ, ఉన్నవాటిలోనూ గింజ పట్టనివి ఎక్కువ. పీకిన వారంలో కొట్టిన మందును తిట్టుకుంటే ఏం లాభం? దెబ్బ తగిలింది రెండు నెలల కిందట. సెప్టెంబరులో డెంగ్యూ వస్తే జుట్టు రాలేది డిసెంబరులో. అప్పటికి జ్వరం సంగతి మరిచిపోయి, కొత్తగా మార్చిన షాంపూ మీదో, బోరు నీళ్ల మీదో నెపం వేస్తాం. కాయ పీకినంత మాత్రాన నేల పోదు కదా, కుదురూ అంతే. తెల్లటి బొడిపె చూసి "వేరుతో సహా వచ్చేసింది" అని ఏడ్చేవాళ్లున్నారు. అది వేరు కాదు, కోతకొచ్చిందనడానికి గుర్తు. కుదురు చర్మం కింద భద్రంగా ఉండి మళ్లీ మొలిపిస్తుంది. కానీ ఆ పంటకూ గడువు కావాలి. రాలడం 3 నుంచి 6 నెలల్లో తగ్గుతుంది. నెలకు సెంటీమీటరు చొప్పున పెరిగే కొత్త వెంట్రుకలు జడలో కలవాలంటే ఏడాది దాటుతుంది.

ఉల్లిరసానికీ రకరకాల నూనెలకూ మంచి పేరు వచ్చేది ఇక్కడే. రాలడం బాగా ముదిరాక రాయడం మొదలుపెడతారు, రెండు మూడు నెలలకు దానంతటదే తగ్గుతుంది, పేరు మాత్రం సీసాకు పోతుంది. కొబ్బరినూనె వెంట్రుక కాడను కాపాడుతుంది, అందుకు రాసుకోండి. రాలడం ఆగడానికి కాదు.

బోరు నీళ్ల మాట కూడా తేల్చాలి. మన జిల్లాల్లో చాలా బోర్లవి ఉప్పునీళ్లే. వాటివల్ల కాడ బిరుసెక్కి మధ్యలో తెగుతుంది, కుదురు దెబ్బతినదు. తేడా మీరే చూడొచ్చు. ఊడిన వెంట్రుక కొసన బొడిపె ఉంటుంది, తెగినదానికి ఉండదు. తిరుమలలో గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందన్నదీ నిజం కాదు. కత్తి తాకేది కాడనే, కుదుళ్ల సంఖ్య మారదు. మొండిగా తెగిన కొసలు చేతికి గరుగ్గా తగిలి ఒత్తుగా అనిపిస్తాయి. మొక్కు తీర్చుకోవడానికి ఆ భ్రమతో పనిలేదు.

ఆరు నెలలు దాటినా రాలుతూనే ఉంటే దెబ్బ ఒక్కసారి తగిలి పోలేదు, ఇంకా తగులుతోందని అర్థం. ముందుగా వెతకాల్సింది ఐరన్ లోపం, థైరాయిడ్. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి బాగుందనుకోకూడదు, నిల్వ ఉన్న ఐరన్‌ను చెప్పేది ఫెరిటిన్. అది మిల్లీలీటరుకు 30 నానోగ్రాముల కన్నా తక్కువుంటే లోపం ఉన్నట్టే. జ్వరంలో ఫెరిటిన్ పైకి పోయి మోసం చేస్తుంది కాబట్టి తగ్గిన కొన్ని వారాలకు చేయించుకోవాలి. జుట్టుకని బయోటిన్ మాత్రలు మింగుతున్నవాళ్లు రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆపాలి. లేకపోతే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు.

ఆశా కార్యకర్త ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. బాలింతలు దీన్ని 180 రోజులు వేసుకోవాలి. మలం నల్లగా వస్తోందని చాలామంది మధ్యలోనే మానేస్తారు, అది ప్రమాదం కాదు. అసలు పొరపాటు టీతోనో, కాల్షియం మాత్రతోనో కలిపి వేసుకోవడం. రెండింటికీ రెండు గంటల ఎడం పెట్టి, నిమ్మరసంతో వేసుకోండి. రాగి సంగటి బలమైన తిండే, ధాన్యాల్లో కాల్షియానికి దానికి సాటి లేదు. కానీ అందులోని ఐరన్ ఒంటికి పట్టేది తక్కువ. పక్కన నాటుకోడి పులుసుంటే ఆ లోటు కొంత తీరుతుంది. బాలింత పథ్యం పేరుతో కూరలు, పండ్లు మాన్పించడం మాత్రం తల్లికి అన్యాయం.

ఇక రెండో రకం. కుచ్చులుగా రాలదు, పాపిట మెల్లగా వెడల్పవుతుంది, నుదుటి అంచు మాత్రం నిలిచే ఉంటుంది. లుడ్విగ్ అనే చర్మవైద్యుడు 1977లో దీన్ని మూడు మెట్లుగా విభజించాడు. ఇక్కడ కుదురు ప్రతి విడతా పెరిగే కాలాన్ని తగ్గించుకుంటూ, వెంట్రుకను సన్నబరుస్తూ పోతుంది. నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలూ మొటిమలూ ఉంటే అండాశయాల సమస్య పీసీఓడీ కోసం పరీక్ష చేయించాలి. ఇలా పలచబడే జుట్టుకు మందు మినాక్సిడిల్. మొదట రక్తపోటు మాత్రగా వాడారు, మింగినవాళ్లకు ఒంటి మీద వెంట్రుకలు పెరిగాయి. అమెరికాలో ఆడవాళ్లకు 2 శాతం ద్రావణాన్ని 1991లో, 5 శాతం నురగను 2014లో అనుమతించారు. కుదురులోని సల్ఫోట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైము దీన్ని మినాక్సిడిల్ సల్ఫేటుగా మార్చాకే పని మొదలవుతుంది. ఆ ఎంజైము తక్కువుంటే ఫలితమూ తక్కువే.

2 శాతం ద్రావణం పూటకు 1 మిల్లీలీటరు చొప్పున రోజుకు రెండు సార్లు, నూనె లేని పొడి తల మీద, పాపిట చీల్చి చర్మానికి అందేలా వేయాలి. రాత్రిది పడుకునే ముందు రెండు గంటలు ఆరనివ్వాలి. దిండుకు అంటి ముఖానికి తగిలితే అక్కడా వెంట్రుకలు వస్తాయి. మొదటి రెండు నెలల్లో రాలడం పెరిగి భయపెడుతుంది. మందు విశ్రాంతిని కుదించి పాత వెంట్రుకలను ముందే నెట్టేస్తోందన్నమాట. చాలామంది ఇక్కడే సీసా పారేస్తారు. కనీసం 4 నెలలు ఆగాలి, మూడు నెలలకోసారి పాపిటను ఒకే వెలుతురులో ఫోటో తీసి పోల్చుకోవాలి. మానేస్తే కొన్ని నెలల్లో మొదటికొస్తుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు.

పైసాబిళ్లంత నున్నటి మచ్చ పడితే పేనుకొరుకుడు. పేను కొరికింది కాదు, ఒంటి రక్షణ కణాలే కుదురు మీద పడుతున్నాయి, పక్కవాళ్లకు అంటదు. గురివింద గింజ అరగదీసి పూస్తే చర్మం పుండవుతుంది, పైగా అందులోని అబ్రిన్ ప్రాణాంతక విషం. మచ్చలోకి డాక్టరు నాలుగు నుంచి ఆరు వారాలకోసారి ఇచ్చే స్టెరాయిడ్ సూది చాలామందికి పనిచేస్తుంది.

మంట, చీము, పొలుసులు ఉండి, చర్మం మెరుస్తూ కుదుళ్ల రంధ్రాలే కనబడకపోతే మాత్రం మూడు నెలల లెక్క పనికిరాదు. అక్కడ కుదురే చచ్చిపోతోంది, పోయినది తిరిగి రాదు. కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రుల్లోనో, కడప రిమ్స్‌లోనో చర్మవ్యాధుల విభాగానికి ఆ వారమే వెళ్లాలి.