మిషిగన్ సరస్సు దాచిపెట్టిన విమానాలు

షికాగో ఓహేర్ ఎయిర్‌పోర్టు రెండో టెర్మినల్‌లో ఒక పాత యుద్ధ విమానం ఉంటుంది. కనెక్షన్ ఫ్లైట్ టెన్షన్‌లో బ్యాగులు లాక్కుంటూ మనవాళ్లు దాని పక్కనుంచే పోతుంటారు. వైల్డ్‌క్యాట్ అనే ఆ విమానం దశాబ్దాల పాటు షికాగో పక్కనున్న మిషిగన్ సరస్సు అడుగున పడి ఉంది.

పెర్ల్ హార్బర్ దాడి తర్వాత అమెరికా నౌకాదళానికి పైలట్లు వేలల్లో కావాల్సివచ్చారు. నౌక మీద విమానం దించే శిక్షణ కోసం యుద్ధంలో ఉన్న నౌకలను వెనక్కి పిలవలేరు. తీరంలో చేద్దామంటే జర్మన్ జలాంతర్గాముల భయం. అందుకే మిషిగన్ సరస్సులో శిక్షణకని, ఈరీ సరస్సులో తిరిగే రెండు ప్రయాణికుల స్టీమర్లను కొన్నారు. పై అంతస్తులు కోసేసి రన్‌వే వేశారు. ఒకటి వుల్వరిన్ (1942), రెండోది సేబుల్ (1943). బొగ్గుతో, పక్క చక్రాలతో నడిచే నౌకల మీద యుద్ధ విమానాలు! విమానాలు లేవాలన్నా దిగాలన్నా ఎదురుగాలి కావాలి; గాలి వీచని రోజున, ఆ నౌకల వేగం చాలక శిక్షణే ఆగిపోయేది.

పైలట్ ఎనిమిదిసార్లు దిగితే పాస్. విమానం తోకకున్న హుక్కు డెక్ మీది తీగకు తగులుకోవాలి. అంతకుముందే వేగం పడిపోతే నేరుగా నీళ్లలోకే. పడవలు వచ్చి పైలట్‌ను లాగేవి, విమానాన్ని వదిలేసేవి. అలా 17 వేల మందికి పైగా తయారయ్యారు. తర్వాత అధ్యక్షుడైన జార్జ్ బుష్ సీనియర్ కూడా 1943లో సేబుల్ మీదే దిగాడు. వందకు పైగా విమానాలు మునిగాయి.

శిక్షణకు వాడినవాటిలో యుద్ధంలో నలిగిపోయి వచ్చినవీ ఉన్నాయి. 2106 నంబరు డాంట్‌లెస్ బాంబర్ 1942లో జపాన్‌తో జరిగిన మిడ్‌వే పోరు నుంచి 219 చిల్లులతో తిరిగొచ్చింది. జపాన్ వాళ్లు కూల్చలేకపోయిన ఆ విమానం 1943 జూన్‌లో ఈ సరస్సులో మునిగింది. 1994లో పైకి తీశారు, తర్వాత ఫ్లోరిడాలోని పెన్సకోలా నౌకాదళ మ్యూజియంలో ఉంచారు.

చిత్రమేమిటంటే, యుద్ధం ముగిశాక ఒడ్డున మిగిలిన వేలాది విమానాలు తుక్కు కింద కరిగిపోయాయి. మునిగినవి మాత్రం దక్కాయి. ఉప్పులేని చల్లటి నీళ్లు కాబట్టి రేకును తుప్పు తినేయలేదు, కొన్నింటికి రంగు కూడా చెదరలేదు. మ్యూజియంలకు వాటి విలువ తెలిసేసరికి పైకి తీయడం మొదలైంది. ఇప్పటికి నలభై దాకా వచ్చాయి. నీళ్లలో ఉన్నా వాటి మీద హక్కు నౌకాదళానిదే, ఎవరికి దొరికితే వాళ్లది కాదు. 2004 నాటి చట్టం ఆ మాటను ఇంకా గట్టిగా చెప్పింది.

ఆలస్యమయ్యేకొద్దీ నష్టమే. విదేశీ ఓడలు వదిలిన నీళ్లతో వచ్చిపడ్డ క్వాగ్గా అనే చిన్న ఆల్చిప్పలు ఇప్పుడు సరస్సు అడుగంతా పరుచుకున్నాయి. మిగిలిన విమానాల రెక్కల మీద కూడా పొరలు పొరలుగా పేరుకుపోతున్నాయి.