ముందు నుంచి శబ్దం వస్తే హౌసింగ్ పోయినట్టేనా? ఫోర్ వీల్ డ్రైవ్ బళ్లపై అపోహలు - వాస్తవాలు

పాడేరు, లంబసింగి వైపు ఫోర్ బై ఫోర్ బళ్లు తిరగడం పెరిగాక మా షెడ్డుకు ఒకే మాట పట్టుకుని వచ్చేవాళ్లూ పెరిగారు. "అన్నా, ముందు నుంచి గూ అని సౌండొస్తోంది. ఫ్రంట్ హౌసింగ్ పోయిందంట, క్రౌన్ పినియన్ మార్చాలంట." హౌసింగ్ అంటే రెండు చక్రాల మధ్య యాక్సిల్‌నూ, దాన్ని తిప్పే క్రౌన్ పినియన్ గేర్లనూ మూసి ఉంచే ఇనుప పెట్టె. ఎవరు చెప్పారని అడిగితే వాట్సాప్ గ్రూపులో ఎవరో అంటారు, లేదంటే పక్క బండి డ్రైవరు. వాళ్లలో బండిని జాకీ మీద ఎత్తి చూసినవాళ్లు ఒక్కరూ ఉండరు.

అపోహ: ముందు శబ్దం వస్తే ఫోర్ వీల్ సిస్టమ్ పోయినట్టే.

వాస్తవం: జేబుకు పెద్ద చిల్లు పెట్టేది ఈ నమ్మకమే. పార్ట్ టైమ్ ఫోర్ వీల్ బండి (అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకూ బలం ఇచ్చేది) టూ హైలో, అంటే మామూలు రోడ్డు మీద నడిపే రెండు చక్రాల గేరులో ఉన్నప్పుడు ఇంజన్ బలమంతా వెనక చక్రాలకే పోతుంది, ముందు హౌసింగ్ మీద లోడే ఉండదు. ఫ్రీ వీలింగ్ హబ్‌లు (ముందు చక్రాలను యాక్సిల్‌తో కలిపే, విడదీసే హబ్‌లు) ఉన్న బండిలో వాటిని ఫ్రీలో పెడితే ముందు యాక్సిల్ షాఫ్టులు, క్రౌన్, దానికి బలం తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరగనే తిరగవు. తిరగనిది ఎలా అరుస్తుంది? కాబట్టి విప్పించే ముందు ఈ పని చేయండి. లివర్ టూ హైలోనే ఉంచి, హబ్‌లు ఫ్రీలో పెట్టి ఒకసారి, లాక్ చేసి ఒకసారి, అదే రోడ్డు మీద అదే స్పీడులో నడపండి. రెండుసార్లూ శబ్దం ఒకేలా ఉంటే హౌసింగ్ జోలికి పోవద్దు. వీల్ బేరింగ్, టైరు, బ్రేకు చూడండి. లాక్ చేసినప్పుడే వస్తుంటే అప్పుడు హౌసింగ్, జాయింట్లు వెతకాలి.

మీ బండికి ఆ హబ్‌లు లేకపోతే శబ్దం దేనితో మారుతోందో గమనించండి. యాక్సిలరేటర్ తొక్కితే ఒకలా, వదిలితే ఒకలా ఉంటే గేర్ల వైపు అనుమానం పోవాలి. అప్పుడు కూడా వెనక హౌసింగ్‌ను మర్చిపోవద్దు, దాని శబ్దం ఛాసిస్ పట్టుకుని ముందుదాకా వస్తుంది. వీల్ బేరింగ్‌కు యాక్సిలరేటర్‌తో పని లేదు, అది స్టీరింగ్‌తో మారుతుంది. ఖాళీ రోడ్డు మీద కొద్దిగా ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. శబ్దం పెరిగిందంటే సాధారణంగా కుడి బేరింగే. టైరు శబ్దమైతే రోడ్డు మారగానే మారుతుంది, ముందు టైర్లు వెనక్కి వేస్తే అదీ వెనక్కి పోతుంది.

నర్సీపట్నం వైపు నుంచి ఒకాయన వచ్చాడు. అప్పు చేసి కొన్న సెకండ్ హ్యాండ్ బండి, అద్దెకు తిప్పుకుంటాడు. అప్పటికే వేరేచోట హౌసింగ్ విప్పించి లోపలి బేరింగులు మార్పించాడు. శబ్దం అలాగే ఉంది. టీ ఇస్తే ముట్టుకోలేదు, ఇంకెంత అవుతుందోనని టెన్షన్. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు భాగం ఎత్తి స్టాండ్లు వేసి, కాయిల్ స్ప్రింగ్ మీద ఆయన చేతినే పెట్టించాను. చక్రం చేత్తో తిప్పితే ఎడమవైపు నున్నగా ఉంది. కుడివైపు స్ప్రింగ్ గరగరమని వేళ్లకు తెలిసింది. హబ్ విప్పితే గ్రీజు తుప్పు రంగులోకి మారిపోయింది. ఆయన రోజూ గెడ్డ (వాగు) దాటి వెళ్తాడు. వేడెక్కిన హబ్ చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి సీలు సందులోంచి నీటిని లాగుతుంది. బేరింగ్, సీలు మార్చాం, శబ్దం పోయింది. హౌసింగ్‌లో పోసిన డబ్బు మాత్రం ఆయనకు ఎవరూ తిరిగివ్వరు. నా కోపమంతా అక్కడే.

గెడ్డలు దాటేవాళ్లు హౌసింగ్ ఆయిల్ కూడా చూపించుకోండి. మజ్జిగలా తెల్లబడితే నీళ్లు చేరినట్టే. హౌసింగ్‌కు గాలి ఆడే బ్రీదర్ పైపు ఊడిందేమో చూడమనండి.

అపోహ: టక్ మంటే యాక్సిల్ పోయింది.

వాస్తవం: స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలించినప్పుడు కటకటమంటే బయటి సీవీ జాయింట్ (చక్రం పక్కకు తిరిగినా దానికి బలం అందించే జాయింట్), దాని రబ్బరు బూటు చిరిగిందేమో చూడండి. చిన్న గుంతల్లో టకటకమంటే బండి పక్కకు వాలకుండా ఆపే స్టెబిలైజర్ రాడ్డు లింకో బుష్షో. బ్రేకు మీద కాలు ఆనించగానే ఆగితే బ్రేక్ ప్యాడ్లు. నిదానంగా పోతుంటే కీచుకీచుమంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ చివరి యూజే (యూనివర్సల్ జాయింట్) క్రాస్ ఎండిపోయింది. గీరుకుంటున్నట్టుంటే డిస్కుకూ డస్ట్ షీల్డుకూ మధ్య రాయి ఇరుక్కుని ఉండొచ్చు, దానికి ఖర్చే లేదు.

అపోహ: తారు రోడ్డు మీద కూడా ఫోర్ హైలో (నాలుగు చక్రాల గేరులో) నడిపితే గ్రిప్ బాగుంటుంది.

వాస్తవం: పార్ట్ టైమ్ బళ్లలో ముందు, వెనక చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి, తారు మీద జారే వీలుండదు. ఆ బిగువంతా షాఫ్టుల మీద, బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద పడి స్టీరింగ్ బిర్రబిగుస్తుంది, టప్‌మని కొడుతుంది. తిరిగి టూ హైకి లివర్ రాకపోతే బలంగా లాగకండి. నేరుగా కొంచెం వెనక్కి పోనిచ్చి మార్చండి.

అపోహ: చిన్న శబ్దమే, తర్వాత చూద్దాం.

వాస్తవం: చక్రాన్ని సస్పెన్షన్‌కు పట్టి ఉంచే బాల్ జాయింట్ విషయంలో ఆ "తర్వాత" ఉండదు, అది ఊడితే చక్రం పక్కకు వాలిపోతుంది. ముందు చక్రం ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగుతుంటే ఒకరిని బ్రేకు తొక్కమనండి. ఊగడం ఆగితే బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్. రెండోదైతే ఆ బండితో ఘాట్ దిగకండి, మెకానిక్‌నే బండి దగ్గరికి పిలిపించుకోండి.