కాగితం కోసం పుట్టిన పీడీఎఫ్: అందరికీ అందని పత్రాల నేపథ్యం

దరఖాస్తులు, నివేదికలు, పాఠ్యాంశాలు చాలావరకు పీడీఎఫ్ రూపంలోనే మన చేతికి వస్తున్నా, అంధులలో ఎందరికో అవి ఇప్పటికీ చదవడానికి వీలుగా లేవు. దీనికి మూలం ఆ రూపం పుట్టిన అవసరంలోనే ఉంది. 1993లో అడోబీ సంస్థ పీడీఎఫ్‌ను విడుదల చేసినప్పుడు, ఏ కంప్యూటర్‌లో తెరిచినా, ఏ ప్రింటర్‌లో ముద్రించినా పేజీ ఒకేలా కనిపించాలన్నదే దాని లక్ష్యం. ప్రింటర్ల కోసం రూపొందిన పోస్ట్‌స్క్రిప్ట్ భాషే దానికి ఆధారం కావడంతో, ఏ అక్షరం పేజీలో ఎక్కడ పడాలో ఫైలులో ఉండేది గాని, ఏది శీర్షిక, ఏది పేరా, దేని తర్వాత ఏది చదవాలి అన్న సమాచారం ఉండేది కాదు. చూపున్నవారు అక్షరాల పరిమాణాన్ని బట్టి శీర్షికను గుర్తుపడతారు. పాఠాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు ఆ ఆధారం లేదు. అందుకే అది పక్కపక్కనున్న రెండు కాలమ్‌ల వరుసలను కలిపేసి చదవవచ్చు, పట్టికలోని అంకె ఏ గడిదో చెప్పలేకపోవచ్చు. కాగితాన్ని స్కాన్ చేసి పెట్టిన ఫైలైతే మరీ అన్యాయం: అందులో ఉన్నది బొమ్మ మాత్రమే, చదవడానికి అక్షరమే లేదు.

ఈ లోటును పూరించే ట్యాగులు, అంటే ఏది శీర్షిక, ఏది పేరా అని ఫైలులోనే తెలిపే కనిపించని గుర్తులు, 2001లో, పీడీఎఫ్ 1.4 వెర్షన్‌తో వచ్చాయి. అమెరికా ఫెడరల్ సంస్థల సమాచార సాంకేతికత వికలాంగులకూ అందుబాటులో ఉండాలనే సెక్షన్ 508 ప్రమాణాలు అమలులోకి వచ్చిందీ ఆ ఏడాదే. అయితే ట్యాగులు పెట్టడం తప్పనిసరి కాలేదు. అవి లేకపోయినా పేజీ చక్కగానే కనిపిస్తుంది కనుక, తయారు చేసినవారికి లోపం తెలిసే అవకాశమే లేకపోయింది. ఇన్నేళ్లుగా సమస్య తీరకపోవడానికి అసలు కారణం ఇదేనని నేను భావిస్తాను. వర్డ్‌లో శీర్షికలకు స్టైల్స్ వాడి, బొమ్మలకు వివరణ రాసినా, చివర్లో ఫైలును నేరుగా పీడీఎఫ్‌గా సేవ్ చేయకుండా ప్రింట్ ఆదేశంతో మార్చితే, ఆ నిర్మాణమంతా సాధారణంగా పోతుంది. ముద్రించి, చేత్తో నింపి పంపాలనే ఫారం కలం పట్టలేనివారిని కూడా దూరం పెడుతుంది. ప్రతి గడికీ పేరు పెట్టి, కంప్యూటర్‌లోనే నింపే వీలు కల్పిస్తే ఆ ఇబ్బంది చాలావరకు తొలగుతుంది.

2006లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం, సమాచారం అందుబాటులో ఉండేలా చూడడాన్ని ప్రభుత్వాల బాధ్యతగా చేర్చింది. పీడీఎఫ్ పత్రాలు వికలాంగులకు అందుబాటులో ఉండడానికే ప్రత్యేకించిన అంతర్జాతీయ ప్రమాణం, పీడీఎఫ్/యూఏ, 2012లో గాని రాలేదు. 2024లో అమెరికా తన రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల వెబ్ సమాచారానికి నిబంధనలు ప్రకటించగా, ఐరోపా అందుబాటు చట్టం 2025 జూన్ 28 నుంచి ఈ-పుస్తకాలు, బ్యాంకు సేవల వంటివాటికి వర్తిస్తోంది. అయినా ఈ రెండూ పాత పత్రాలకు చాలావరకు మినహాయింపునిచ్చాయి. కోట్లాది పేజీలను వెనక్కి వెళ్లి సరిచేయడం భారమన్న వాదనలో నిజం లేకపోలేదు. కాని సేవలు పొందడానికి నేటికీ వాడుతున్న పత్రాలను అమెరికా నిబంధన ఆ మినహాయింపు నుంచి తప్పించింది. పాత పత్రాల సవరణ అక్కడి నుంచే మొదలుకావడం న్యాయం.