అన్యాయం సరే, సంతకం ఎవరిది? ఉద్యమ పని గురించి అపోహలు - వాస్తవాలు

నేను బెంగళూరులో ఏం పని చేస్తానని ఊళ్లో ఎవరైనా అడిగితే మా అమ్మ "వాడా, ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటాడు" అంటుంది. నిజానికి అంతకంటే బాగా నేనూ చెప్పలేను. పౌరకార్మికులు (పారిశుద్ధ్య కార్మికులని ఇక్కడ అలా అంటారు), ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, రాయచూరు, మహబూబ్‌నగర్, అనంతపురం వైపు నుంచి వచ్చిన బిల్డింగు కూలీలు, వీళ్లతో కూర్చుని అర్జీలు రాయడం, వాళ్ల వెంట ఆఫీసులకి వెళ్లడం, వెళ్లిన చోటికే మళ్లీ వెళ్లడం. పద్నాలుగేళ్లయింది. శనివారాలు మాత్రం కాలేజీ పిల్లలకి, మారతహళ్లి, బెల్లందూరు నుంచి వచ్చే మన సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈ పని నేర్పుతాను. వచ్చేవాళ్లు బాగా చదువుకున్నవాళ్లు, కులం గురించి, కూలి గురించి నాకంటే చక్కగా మాట్లాడతారు. సోమవారం పొద్దున ఏం చేయాలో మాత్రం తెలియదు. ఎందుకు తెలియదా అని చూస్తే, అందరి బుర్రల్లోనూ ఇంచుమించు ఇవే అపోహలు.

అపోహ: జనానికి తెలియక ఊరుకుంటున్నారు, మనం వెళ్లి చెబితే కదులుతారు.

మొదట్లో నేనూ ఇదే నమ్మాను. ఒక వార్డులో పౌరకార్మికులకి మీటింగు పెట్టాం. బెంగళూరు రోడ్లు ఊడ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, అందులో చాలామంది తరాల కిందట ఇక్కడికొచ్చి స్థిరపడ్డ తెలుగు దళిత కుటుంబాలవాళ్లు, కన్నడ కలిసిన తెలుగు మాట్లాడతారు. మా కుర్రాడొకడు పారిశుద్ధ్యం, ఆడవాళ్ల గౌరవం మీద నలభై స్లైడ్లు తయారుచేసుకొచ్చాడు, పాపం రెండు రాత్రులు కూర్చుని. అంతా ఓపిగ్గా విన్నారు. అయ్యాక వెనక నుంచి ఒక అక్క లేచి, "ఇదంతా మాకు తెలుసు నాయనా, మేం పడేదే కదా. ఆ బస్టాపు పక్కన బాత్రూము ఉందే, దాని తాళం ఎవురి దగ్గరుందో అది కనుక్కో ముందు" అంది.

విషయం ఏంటంటే వీళ్లు హాజరు వేయించుకునేది పొద్దున ఆరున్నరకి, రోడ్డు పక్కనే. ఇంట్లో బయల్దేరేది ఐదింటికి. పబ్లిక్ టాయిలెట్ తాళం తీసేది ఎనిమిది దాటాక. అందుకని పనిలోకి వచ్చే రోజు పొద్దున్నే నీళ్లు తాగడమే మానేశారు, ఎండాకాలంలో కూడా. వాళ్లకి అవగాహన లేదని మేం స్లైడ్లు వేసుకుని వెళ్లాం!

తాళం ఎవరిదో కనుక్కోవడానికి మాకు మూడు వారాలు పట్టింది. హెల్త్ ఇన్‌స్పెక్టర్ని అడిగితే నాది కాదన్నాడు, అబద్ధం కూడా కాదు. కార్మికులు ఆయన కిందకి వస్తారు, టాయిలెట్ నడిపే కాంట్రాక్టు ఫైలు మాత్రం ఇంజనీరింగ్ వాళ్ల దగ్గర ఉంటుంది. అంటే ఆయన గది ముందు మేం ఏడాది కూర్చున్నా తలుపు తెరుచుకునేది కాదు. ఆ రోజు నుంచి మా క్లాసులో మొదటి ప్రశ్న ఒకటే: ఈ పని జరగాలంటే ఎవరు సంతకం పెట్టాలి? సమాజం, వ్యవస్థ, ప్రభుత్వం అని రాస్తే నేను కొట్టేస్తాను. హోదా రాయాలి, ఆఫీసు ఏ అంతస్తులో ఉందో రాయాలి.

అపోహ: డిమాండ్లు ఎంత ఎక్కువుంటే అంత మంచిది, పదిలో రెండైనా ఇస్తారు.

ఇవ్వరు. పద్నాలుగు డిమాండ్ల పత్రం ఒకటి మేం ఇచ్చాం, ఆ అధికారి చాలా మర్యాదగా టీ తెప్పించి, అందులో తనకి బాగా తేలికైన గ్లౌజుల పంపిణీ అనే దాన్ని పట్టుకుని ఫొటో దిగి పంపించాడు. నెలకి గ్లౌజులూ చిరిగిపోయాయి, మేం మళ్లీ వెళ్తే "మొన్ననే చేశాం కదండీ". ఒక్కటే అడగాలి, అదీ ఇచ్చారో లేదో చిన్నపిల్లాడు కూడా చూసి చెప్పగలిగేలా ఉండాలి. ఆరింటికల్లా తాళం తీసి ఉందా లేదా, అంతే. ఏది అడగాలో తేల్చేది కూడా మనం కాదు. మా వాళ్లంతా జీతం పెంపు అంటారనుకున్నాం, ఆ ఆడవాళ్లు తాళం అన్నారు.

అపోహ: చట్టం ఉంది కదా, కేసు వేస్తే సరి.

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లకి చట్టం మీద మహా నమ్మకం. మహారాష్ట్రలోని మహాద్‌లో అంటరానివాళ్లని రానివ్వని చెరువు నీళ్ల కోసం అంబేడ్కర్ చేసిన పోరాటం సంగతి అందరికీ తెలుసు, తేదీలు మాత్రం వరసగా పెట్టి చూడరు. ప్రభుత్వ ఖర్చుతో నడిచే చెరువులు, బావులు అంటరానివాళ్లు కూడా వాడుకోవచ్చని బొంబాయి శాసనమండలి తీర్మానం చేసింది 1923లో. మహాద్ మున్సిపాలిటీ తన చెరువు తెరుస్తున్నట్టు తీర్మానించింది 1924లో. కాగితం మీద అంతా అయిపోయింది. అయినా ఒక్కరూ అక్కడ నీళ్లు ముట్టుకోలేకపోయారు. 1927 మార్చి 20న వేలమంది నడిచి వెళ్లి తాగాల్సి వచ్చింది, తాగినందుకు దెబ్బలు తిన్నారు, అవతలివాళ్లు కోర్టుకెక్కారు, హైకోర్టులో గెలిచేసరికి 1937. తీర్మానానికి, తీర్పుకి మధ్య పద్నాలుగేళ్లు. అంబేడ్కర్ అంతటి లాయరు ఉండి!

ఇప్పటి సంగతికి వద్దాం. మురుగు కాల్వల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దింపకూడదని 2013 చట్టం చెబుతోంది. చనిపోతే కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. ఆ 2014 తీర్పు వచ్చిన కేసు వెనక ఉన్న, సఫాయి కర్మచారి ఆందోళన్ నడిపే బెజవాడ విల్సన్ మనకి దూరపు మనిషేం కాదు, ఇక్కడికి రెండు మూడు గంటల దూరంలో ఉన్న కోలార్ బంగారు గనుల ఊళ్లో, మలం ఎత్తిపోసే పని చేసే తెలుగు కుటుంబంలోనే పుట్టాడు. ఆయన మొదట చేసిన పని ఏంటి? ఉత్తరాలు రాశాడు, పొడి మరుగుదొడ్ల (నీళ్లు లేని, మనుషులే ఎత్తిపోయాల్సిన వాటి) ఫొటోలు తీశాడు. లేవు అని అధికారులు కాగితం మీద రాసిచ్చిన చోట ఉన్నాయని ఫొటో చూపించాడు. కోర్టు దాకా వెళ్లింది ఆ తర్వాత, 2003లో.

మరి చట్టం ఉన్నా పరిహారం ఎందుకు ఆగుతుంది? మాకు ఎదురైన వాటిలో ఎక్కువసార్లు ఎఫ్ఐఆర్ దగ్గరే. నిర్లక్ష్యం వల్ల మరణం అన్న సెక్షన్ ఒక్కటి రాసి వదిలేస్తారు. 2013 చట్టం, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్లు అందులో లేకపోతే తర్వాత ప్రతి ఆఫీసులోనూ "ఇది ప్రమాదం కదండీ" అంటారు. కాబట్టి ఆ రాత్రి స్టేషన్‌కి వెళ్లే మనిషికి కావలసింది ఉపన్యాసం కాదు, ఆ సెక్షన్లు ఒక చిన్న కాగితం మీద, ఎఫ్ఐఆర్ చదివి వినిపించేదాకా సంతకం పెట్టకుండా కూర్చునే ఓపిక.

ఇంకో మాట, ఇది అపార్ట్‌మెంట్లలో ఉండే మనవాళ్లకి. ఆ చట్టం మున్సిపాలిటీల గురించి మాత్రమే కాదు, "ఏ వ్యక్తీ" దింపకూడదని ఉంది. మీ బేస్‌మెంట్లో మురుగునీటి శుద్ధి ప్లాంటు ఉంటుంది, దాని గుంత శుభ్రం చేయడానికి ఎవరు దిగుతున్నారో మీ అసోసియేషన్ సెక్రటరీని ఎప్పుడైనా అడిగారా? అక్కడ సంతకం మీదే.

మా క్లాసుకి వచ్చిన ఒకమ్మాయి, కడప పిల్ల, తన అపార్ట్‌మెంట్లో "పనివాళ్లు ఈ లిఫ్టు వాడరాదు" అన్న బోర్డు తీయించింది. ఫేస్‌బుక్‌లో పెట్టలేదు. జనరల్ బాడీ మీటింగు ఎజెండాలో ఒక అంశంగా పెట్టించి, ముందే ఇరవై ఇళ్లు తిరిగి, అందులో నలుగురు పెద్దవాళ్లని ఒప్పించుకుంది. "అంకుల్, మీ ఇంట్లో చేసే ఆంటీకి మోకాళ్ల నొప్పులట కదా" అని మొదలుపెట్టేదట ప్రతి ఇంట్లో. ఓటింగు దాకా కూడా రాలేదు.

అపోహ: ఆర్టీఐ (సమాచార హక్కు అర్జీ) వేస్తే దారికొస్తారు.

వేయండి, కానీ వేయడం తెలియాలి. కర్ణాటకలో ఒక అర్జీలో ఒకే విషయం అడగాలి, అదీ 150 పదాలు మించకుండా. ఫీజు 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలుకి ఇంకో 30 రోజులు ఉంటుంది, మనవాళ్లు ఎక్కువగా పోగొట్టుకునేది ఆ గడువే. "ఎందుకు చేయలేదు" అని రాయకండి, కారణాలు చెప్పడం వాళ్ల పని కాదు, వాళ్ల దగ్గరున్న కాగితం ఇవ్వడమే పని. మేం మొదటిసారి "మహిళా కార్మికుల పట్ల ఈ వివక్ష ఎందుకు" అని రాసి ఒక్క లైను జవాబు తెచ్చుకున్నాం. రెండోసారి ఆ టాయిలెట్ నిర్వహణ ఒప్పందం కాపీ అడిగాం. వచ్చింది. అందులో ఉంది చూడండి అసలు సంగతి: తెరవాల్సిన టైము ఉదయం 5 గంటలు. అంటే మేం కొత్తగా ఏమీ అడగనక్కర్లేదు, ఉన్నదాన్ని చేయమంటే చాలు.

అర్జీ ఏదైనా రెండు కాపీలు తీసుకెళ్లండి, టపాల్ సెక్షన్లో రెండో కాపీ మీద తేదీతో సీలు వేయించుకోండి. వేయం అంటే గొడవపడొద్దు, బయటికొచ్చి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఇంతే. ఇది నేర్పితే కొందరికి నిరుత్సాహంగా ఉంటుంది, వాళ్లు విప్లవం కోసం వచ్చి ఉంటారు.

అపోహ: జనం ఎంతమంది వస్తే అంత ఒత్తిడి.

బెంగళూరులో ధర్నా అంటే ఫ్రీడమ్ పార్కులోనే చేయాలి. ఒకప్పటి సెంట్రల్ జైలు అది. లోపల రెండొందలమంది ఎంత అరిచినా బయట ట్రాఫిక్ దాని మానాన అది పోతుంటుంది. జనం వద్దని కాదు, వచ్చినవాళ్ల వల్ల అవతల ఏం ఆగుతోంది అన్నదే లెక్క. 2022 జులైలో పౌరకార్మికులు సమ్మె చేస్తే ఊరు కంపు కొట్టింది, కొద్ది రోజుల్లోనే పర్మనెంట్ చేస్తామని ప్రభుత్వం మాటిచ్చింది. నియామక పత్రాలు 12 వేలమందికి పైగా చేతికొచ్చింది 2025 మే డే నాడు. సమ్మె రోజులు అందరికీ గుర్తున్నాయి, ఆ తర్వాతి మూడేళ్లు ఫైలు వెంట పడ్డవాళ్లని ఎవరూ ఫొటో తీయలేదు.

మాది నెల్లూరు వైపు. సారా ఉద్యమం కథలు వింటూ పెరిగాం. దూబగుంటలో ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకునే క్లాసుల్లో కూర్చుని సారా గురించి చదివారు, దుకాణం మూయించారు, అక్కడిదాకా అవగాహన. ఊరి దుకాణం మూస్తే పక్క ఊరి నుంచి వస్తుందని తెలిశాక వేలంపాటల మీద పడ్డారు. వేలం ఆగితే సర్కారుకి ఆదాయం ఆగుతుంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం 1997లో సడలిపోయింది కూడా, అదీ చెప్పుకోవాలి.

అపోహ: గొంతు లేనివాళ్లకి మనం గొంతు కావాలి.

నాకు బాగా చిరాకు తెప్పించే మాట ఇదే. మా తప్పు కూడా ఒకటుంది ఇందులో. ఒక కార్మికురాలు జీతం రెండు నెలలుగా రాలేదని చెబుతుంటే మా వాలంటీర్ వీడియో తీసి పెట్టేశాడు, బాగా తిరిగింది. మూడో రోజు మేస్త్రీ ఆమెని పనిలోకి రావద్దన్నాడు. మాకు లైకులు, ఆమెకి పస్తులు. తిరిగి పనిలో పెట్టించడానికి నెలన్నర పట్టింది, ఆ నెలన్నర జీతం రాలేదు, ఆమె ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు. మాట్లాడాల్సిన అవసరమూ లేదు.

అప్పటినుంచి ముఖం, పేరు వాళ్లు ఒప్పుకుంటేనే, అదీ ఒకరోజు ఆలోచించుకున్నాక. అర్జీ మీద సంతకాలు గుండ్రంగా పెట్టిస్తాం, మధ్యలో విషయం, చుట్టూ వేలిముద్రలు, పేర్లు. మొదటి సంతకం ఎవరిదో మేస్త్రీకి తెలియదు.

ఉద్యోగం మానేయాలా అని అడుగుతారు. వద్దు, ఈఎంఐలు కట్టుకోండి. వారానికి రెండు గంటలు, ఏడాదిపాటు మానకుండా వస్తే చాలు. మా వాట్సాప్ గ్రూపులో 240 మంది ఉన్నారు, ఆదివారం పొద్దున్నే వచ్చేది ముగ్గురు. పని నడుస్తోంది ఆ ముగ్గురి వల్లే. ఒకతను పీఎఫ్ పాస్‌బుక్కులు ఎక్సెల్‌లో పెట్టి ఏ నెల కోత పడి జమ కాలేదో చూపిస్తాడు, కాంట్రాక్టరు ఆ షీటు చూస్తే చాలు గొంతు తగ్గిస్తాడు.

ఇంతకీ ఆ తాళం. ఒప్పందం కాపీ మీద 5 గంటలు అన్నచోట పసుపు రంగు పూసి, పదకొండుమంది ఆడవాళ్లు డ్యూటీ అయ్యాక అదే యూనిఫాంలో ఇంజనీరు దగ్గరికి వెళ్లారు. మేం బయట మెట్ల మీద కూర్చున్నాం. ఇరవై నిమిషాలు. కాంట్రాక్టరుకి నోటు వెళ్లింది, తర్వాతి వారం రెండో తాళంచెవి అక్కకే ఇచ్చేశారు, ఇంటి తాళాలతో పాటు కొంగుకి కట్టుకుని తిరుగుతోంది. మొన్న సోమవారం ఫోన్ చేసింది. తలుపు తెరిస్తే లోపల నీళ్లు రావట్లేదట, మోటారు స్విచ్ పక్క గదిలో ఉందట, ఆ గదికి వేరే తాళం వేసి ఉందట. "ఇదెవురిదో కనుక్కో నాయనా" అంది.