బెస్సీ కోల్‌మన్ పాత జెన్నీ

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం దగ్గర శిక్షణ విమానాలు కుప్పలుగా మిగిలిపోయాయి. ఎక్కువగా కర్టిస్ జేఎన్-4లు, ముద్దుపేరు జెన్నీ. వందల డాలర్లకే అమ్మేశారు. కొనుక్కున్న పైలట్లు ఊరూరా తిరిగి పొలాల్లో దిగేవారు, గాల్లో పల్టీలు కొట్టేవారు, డబ్బిచ్చినవాళ్లను ఎక్కించుకుని ఓ చుట్టు తిప్పేవారు. దీన్నే బార్న్‌స్టార్మింగ్ అన్నారు. ఊళ్లోకి సర్కస్ దిగినట్టే, డేరా ఒక్కటే తక్కువ. లైసెన్సు ఏదని అడిగే నాథుడు లేడు.

అలాంటి రోజుల్లో లైసెన్సు కోసం సముద్రం దాటింది బెస్సీ కోల్‌మన్. 1892లో టెక్సస్‌లో పుట్టి పత్తి చేలల్లో పెరిగిన నల్లజాతి అమ్మాయి. షికాగోలో ఓ క్షౌరశాలలో గోళ్లు తీర్చే పని. అక్కడి ఏ ఫ్లయింగ్ స్కూలూ చేర్చుకోలేదు. 'షికాగో డిఫెండర్' పత్రికాధిపతి రాబర్ట్ అబాట్ సలహాతో ఫ్రెంచి నేర్చుకుని 1920 నవంబరులో ఫ్రాన్స్ వెళ్లింది. నేర్చుకున్నది న్యూపోర్ విమానం మీద: నడపడానికి ఎదురుగా నిలువుగా ఒక కర్ర, పాదాల కింద ఒక అడ్డకడ్డీ, అంతే. 1921 జూన్ 15న అంతర్జాతీయ లైసెన్సు చేతికొచ్చింది. నల్లజాతి మహిళల్లో ఆమే మొదటిది.

తిరిగొచ్చాక విన్యాసాలు తప్ప బతుకుదెరువు లేదు. ఆమెకు కావాల్సింది చప్పట్లు కాదు, నల్లవారికో ఫ్లయింగ్ స్కూలు. దానికి డబ్బు కావాలి, డబ్బుకు ప్రదర్శనలు కావాలి, ప్రదర్శనలకు దొరికేది పాత విమానమే. 1923లో లాస్ ఏంజెలెస్ దగ్గర జెన్నీ ఇంజన్ ఆగిపోయి కూలింది, కాలు విరిగింది. అయినా మానలేదు. పెరిగిన ఊరు వాక్సహాచీలో నల్లవారికి వేరే గేటు పెడితే ఎగరనంది. గేటు ఒకటే అయింది, లోపల సీట్లు మాత్రం వేరుగానే ఉన్నాయి.

1926లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ ప్రదర్శనకు డల్లాస్ నుంచి మరో జెన్నీ వచ్చింది. దారిలోనే ఇంజన్ మొరాయించి మధ్యలో దించాల్సి వచ్చింది. ఏప్రిల్ 30 ఉదయం నడిపింది మెకానిక్ విలియం విల్స్. పారాచూట్‌తో దూకే చోటు వంగి చూడాలని బెస్సీ బెల్టు పెట్టుకోలేదు. విమానం ఒక్కసారిగా ముక్కు కిందికి పెట్టి తిరగబడింది, ఆమె జారి పడి చనిపోయింది. విల్స్ విమానంతోపాటే పోయాడు. కంట్రోళ్లలో ఇరుక్కున్న పానా ఒకటి బయటపడింది.

సరిగ్గా ఇరవై రోజులకు, మే 20న, విమాన వాణిజ్య చట్టం మీద అధ్యక్షుడు కూలిడ్జ్ సంతకం పడింది. ఇక పైలట్‌కు లైసెన్సు, విమానానికి తనిఖీ. పాత జెన్నీలు ఆ పరీక్షకు నిలిచేవి కావు, బార్న్‌స్టార్మింగ్ క్రమంగా సద్దుమణిగింది. 1929లో విలియం పావెల్ లాస్ ఏంజెలెస్‌లో నల్లవారికి విమానం నేర్పే క్లబ్బు పెట్టాడు, బెస్సీ పేరుతోనే.