ట్రాక్టర్‌కి దగ్గొచ్చింది

బుజ్జితల్లికీ, చిన్నోడికీ,

మొన్న వీడియో కాల్‌లో వెనకాల ట్రాక్టర్ చప్పుడు విని "తాతయ్యా, దానికి దగ్గొచ్చిందా?" అని అడిగావు గుర్తుందా తల్లీ? నేను ఊ అనేసి ఫోన్ పెట్టేశాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. మృగశిర కార్తె వచ్చేస్తోంది, నాలుగు చినుకులు పడితే దుక్కికి దిగాలి, మన పాత మాసీ 1035 చూస్తే నల్లపొగ కక్కుతూ, వరసగా కొట్టుకోవాల్సింది మధ్యమధ్యలో ఒక దెబ్బ మింగేస్తోంది. మేం దాన్ని మిస్సింగ్ అంటాం. నువ్వన్న దగ్గు అన్న మాటే బాగుంది.

మీ నాన్న బండికి ఉన్నట్టు దీనికి నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. పిస్టన్ పైకొచ్చి గాలిని పదహారో వంతు చోటులోకి నొక్కేస్తుంది, ఆ నొక్కుడుకే గాలి 500 డిగ్రీలు దాటి కాలిపోతుంది, అందులోకి డీజిల్ పడితే దానంతటదే అంటుకుంటుంది. అయితే ధారగా పడితే లాభం లేదు, మంచులాగా పడాలి. ఆ పని చేసేదే నాజిల్. నిజానికి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ అనే భాగానికి చివరుండే మూతి అది. మెకానిక్కులు మొత్తం ఇంజెక్టర్‌నే నాజిల్ అనేస్తారు, నేనూ అంతే.

మా చిన్నప్పుడు రావిచెట్టు కింద ఇస్త్రీ చేసే పెద్దాయన ఉండేవాడు. బొగ్గుల పెట్టె. బట్ట పరిచి, నోటినిండా నీళ్లు పట్టి, బుగ్గలు పూరించి, పెదాలు బిగించి, ఒక్కసారిగా ఫుర్ర్‌మని ఊదేవాడు. పొద్దుటెండలో ఆ తుంపరలో ఒక్క క్షణం ఇంద్రధనుస్సు కనపడేది. దాని కోసమే బడికి ఆలస్యమై ఎన్నిసార్లు బెంచీ ఎక్కానో. నాజిల్ కూడా ఆయన నోరే అనుకోండి. పంపు వెనక నుంచి తోస్తుంటే బుగ్గలు ఉబ్బుతాయి. లోపల ఒక సన్నటి సూది, దాన్ని అదిమిపట్టే స్ప్రింగు, అవే పెదాలు. ఒత్తిడి సరిపడా పెరిగేదాకా పెదాలు విడవవు, విడిస్తే ఒక్కసారిగా విడుస్తాయి, వెంటనే టక్కున మూసుకుంటాయి. ఇంజిన్ నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంటే ఒక్కో నాజిల్ 750 సార్లు ఊదాలి. ఒకసారి ఆ పెద్దాయనకి బాగా దగ్గు పట్టుకుంది. ఊదబోయేసరికి నీళ్లు ముద్దగా పడి మా నాన్న తెల్లపంచె మీద పెద్ద తడి మచ్చయింది, ఎంత రుద్దినా ఆ ముడత పోలేదు. మన ట్రాక్టర్‌లో జరుగుతున్నదీ అదే. చుక్కలుగా పడ్డ డీజిల్ పూర్తిగా కాలదు, మసైపోయి నల్లపొగలా బయటికొస్తుంది.

రుడాల్ఫ్ డీజిల్ అనే ఆయన 1897లో తన ఇంజిన్ నడిపి చూపించినప్పుడు ఇంధనాన్ని ఇలా చిమ్మడానికి గాలి కంప్రెసర్ పక్కన పెట్టుకోవలసి వచ్చింది. గుప్పెట్లో పట్టే నాజిల్ మన పొలాలదాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

మూడు సిలిండర్లలో దొంగెవరో పట్టుకోవడం తేలికే. ఇంజిన్ నెమ్మదిగా ఆడుతుండగా గుడ్డ కప్పి, ఒక్కో నాజిల్‌కి వచ్చే సన్నపైపు నట్టు పానాతో కాస్త లూజు చేస్తాను. చప్పుడు మారితే ఆ సిలిండర్ మంచిదే. మధ్యదాన్ని లూజు చేస్తే ఏ మార్పూ లేదు!

ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, నాజిల్ చుట్టూ దుమ్మంతా బ్రష్‌తో, డీజిల్‌తో కడిగాను. ఇక్కడ తొందరపడకూడదు పిల్లలూ. వెంట్రుకలో పదో వంతు కూడా లేని సందులో ఆడే సూది అది, ఇసుక రేణువు పోతే పట్టేస్తుంది. పైపులు విప్పి, వాటి మూతులకి శుభ్రమైన టోపీలు పెట్టి, నాజిల్‌ని బిగించి ఉంచే రెండు నట్లూ కొంచెం ఇటు, కొంచెం అటు సమంగా వదులు చేసి, అటూఇటూ కదుపుతూ పైకి లాగాను. కిందుండే రాగి వాచరు గుంతలోనే ఉండిపోతే, చూడకుండా దాని మీద ఇంకోటి వేసేస్తారు కొందరు. నేను టార్చి వేసి చూసి, కొక్కెంతో తీశాను.

టౌన్లో డీజిల్ పంపులు బాగుచేసే షాపులో చేత్తో కొట్టే టెస్టింగ్ మిషన్ ఉంటుంది. నాజిల్ బిగించి పిడి నొక్కుతుంటే ముల్లు లేస్తుంది. మనదానికి 200 కేజీల దగ్గర విడవాలి. అంటే నీ గోరంత చోటు మీద పాతిక కేజీల బియ్యం బస్తాలు ఎనిమిది పేర్చినట్టు. మనది 140కే విడిచేసి, మూతి దగ్గర చుక్క వేలాడుతోంది. షాపతను కొత్త సూదీ దాని గూడూ జతగా వేసి, లోపల షిమ్ అనే పల్చటి రేకుబిళ్ల పెట్టి మళ్లీ కొట్టాడు. ఈసారి కిర్రుమని నాలుగు వైపులా పొగలాంటి తుంపర, మూతి పొడిగా ఉంది.

ఆ తుంపర చూస్తే చెయ్యి పెట్టాలనిపిస్తుంది. వద్దు. పక్కూళ్లో ఒకతను అరచెయ్యి అడ్డం పెట్టాడు, చీమ కుట్టినంత చుక్కే కనపడింది, తెల్లారేసరికి చెయ్యి వాచిపోయి ఆపరేషన్ చెయ్యాల్సొచ్చింది. చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుందది. ఇలాంటి పనుల్లో దూరంగా నిలబడటానికి సిగ్గుపడొద్దు.

కొత్త వాచరు వేసి బిగించి, పైపు నట్టు దగ్గర బుడగలు పోయి డీజిల్ ఒక్కటే వచ్చేదాకా ఇంజిన్ తిప్పి గాలి తీసేశాను. రెండో సెల్ఫ్‌కే అందుకుంది. రేపు కాల్‌లో చప్పుడు వినిపిస్తాను.

సూది అంత త్వరగా విడవడం, మూసుకోవడం ఎలా సాధ్యమో ఇంకా చెప్పమంటారు మీరు. ముందు మీ ఇంట్లో మొక్కలకి నీళ్లు చిమ్మే సీసా తీసుకుని, పొద్దున్న ఏడింటికి బాల్కనీలో సూర్యుడికి వీపు పెట్టి నిలబడండి. మూతి తిప్పుతూ కొట్టండి. ధార ఎక్కడ తుంపరగా మారుతుందో, రంగులు ఎప్పుడు కనపడతాయో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య